కాటా చూపని నష్టం

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకుంటున్న మనిషిని ఏడాది తిరిగాక కాటా ఎక్కిస్తే ఒకటి రెండు కిలోలు పెరిగి కనిపిస్తాడు. క్యాన్సర్ అంటే మనిషి చిక్కి శల్యమైపోతాడని భయపడుతున్న ఇంట్లోవాళ్ళకి ఆ రెండు కిలోలూ మంచి కబురులా ఉంటాయి. కానీ అదే మనిషికి నడుం దగ్గర ప్యాంటు బిగిసింది, భుజాల దగ్గర చొక్కా వదులైంది. నేల మీద కూచుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నాడు. అంకె పెరిగిన ఆ ఏడాదిలోనే ఒంట్లోంచి కండ కరిగింది, కొవ్వు చేరింది. రెండింటినీ కలిపి తూచే కాటాకి ఆ తేడా తెలియదు.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రికి చెందిన మాథ్యూ స్మిత్ బృందం ఈ తేడాని కొలిచి 2002లో ప్రచురించింది. లూప్రోలైడ్ అనే ఇంజెక్షన్ మొదలుపెట్టిన మగవాళ్ళని 48 వారాలు గమనించారు. సగటున బరువు 2.4 శాతమే పెరిగింది. ఒంట్లో కొవ్వు పాలు మాత్రం 9.4 శాతం పెరిగింది, కొవ్వు కాని భాగం 2.7 శాతం తగ్గింది. అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఈ ఇంజెక్షన్లు కొందరికి రెండు మూడేళ్ళు వేస్తారు, వ్యాధి ఎముకలకి పాకినవాళ్ళలో చాలామందికి జీవితాంతం సాగుతాయి.

అందుకే ప్రోస్టేట్ క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళ కోసం తయారవుతున్న మంచి ఆన్‌లైన్ కార్యక్రమాలు బరువు తగ్గడాన్నీ వ్యాయామాన్నీ విడదీయవు. పొట్ట తగ్గాలి, కండ నిలవాలి. మొదటిది జరిగి రెండోది జరగకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. కావలి నుంచి కృష్ణపట్నం దాకా పరుచుకున్న నెల్లూరు తీరంలో, పెద్దాస్పత్రికి దూరంగా ఉన్న పల్లెల్లో, ఈ వైద్యాన్ని ఫోను ద్వారా ఎలా అందుకోవచ్చో చెప్పుకోవాల్సిన సమయం వచ్చింది.

ప్రాణం నిలిపే మందు, కండ తగ్గించే మందు

ప్రోస్టేట్ మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. టెస్టోస్టిరాన్ హార్మోన్ ఉంటేనే దాని కణాలు పెరుగుతాయి. అందులో పుట్టిన క్యాన్సర్‌కీ చాలామటుకు అదే ఆధారం. ఈ సంగతిని 1941లో షికాగోలో ఛార్లెస్ హగిన్స్ రుజువు చేశాడు. వృషణాలు తొలగిస్తే ఒంట్లో పాకిపోయిన ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా తగ్గుముఖం పడుతుందని చూపినందుకు ఆయనకి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఖర్చు తక్కువ, ఒక్కసారితో అయిపోతుంది కాబట్టి మన దేశంలో ఆ ఆపరేషన్ ఇప్పటికీ చేస్తున్నారు. మెదడు నుంచి హార్మోన్ గ్రంథులకి వెళ్ళే ఆజ్ఞలని ఆండ్రూ షాలీ, రోజర్ గియెమాన్ విడమరిచి చెప్పి 1977లో నోబెల్ అందుకున్నారు. ఆ విజ్ఞానం నుంచే లూప్రోలైడ్, గోసరెలిన్ వంటి ఇంజెక్షన్లు వచ్చాయి. నెలకో మూడు నెలలకో ఒకటి వేస్తే కొన్ని వారాల్లో టెస్టోస్టిరాన్ దాదాపు అడుగంటుతుంది.

క్యాన్సర్ వెనక్కి తగ్గుతుంది, ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే పీఎస్ఏ అనే ప్రోటీన్ దిగివస్తుంది. ఈ మేలు చాలా పెద్దది. కాబట్టి ఇక్కడ చెప్పబోయే నష్టాలు చదివి ఇంజెక్షన్ మానేయాలని ఎవరూ అనుకోకూడదు. అయితే టెస్టోస్టిరాన్ ఒక్క ప్రోస్టేట్ కోసమే పుట్టింది కాదు. కండలో కొత్త ప్రోటీన్ తయారుకావడానికి అది కావాలి. మగవాళ్ళ ఒంట్లో దానిలో కొంత ఈస్ట్రోజన్‌గా మారి ఎముకని గట్టిగా ఉంచుతుంది. అది లేకపోతే ఎముక పలచబడుతుంది, పొట్టలో కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినడం తగ్గుతుంది. వేడి ఆవిర్లు, అలసట, దిగులు వీటికి తోడవుతాయి.

అమెరికాలో యాభై వేల మందికి పైగా ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల వివరాలని పరిశీలించి 2005లో ఒక లెక్క తేల్చారు. వ్యాధి బయటపడ్డాక అయిదేళ్ళకి పైగా బతికినవాళ్ళని చూస్తే, హార్మోన్ చికిత్స తీసుకున్నవాళ్ళలో 19.4 శాతం మందికి ఎముక విరిగింది, తీసుకోనివాళ్ళలో అది 12.6 శాతం. మరుసటి ఏడాది నాన్సీ కీటింగ్ బృందం ఈ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళలో మధుమేహం, గుండెజబ్బు ఎక్కువగా వస్తున్నట్టు చూపింది. గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్ళలో చాలామంది చివరికి చనిపోయేది క్యాన్సర్‌తో కాదు, గుండెజబ్బుతోనో మరో కారణంతోనో. క్యాన్సర్ని గెలిచిన మనిషిని గుండెకి అప్పగించకూడదు అన్నదే వ్యాయామ వైద్యం పట్టుదల.

హార్మోన్ లేకపోయినా కండ వింటుంది

కండ నడవడానికీ ఎత్తడానికీ మాత్రమే కాదు, తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరకి అది గాదె. భోజనం తర్వాత రక్తంలో చేరిన గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని దాచుకునేది కండే. గాదె చిన్నదైతే చక్కెర రక్తంలోనే మిగులుతుంది, కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. కండ కదిలినప్పుడు ఇంకో మేలుంది. కదలికతోనే కండ కణాల తలుపులు తెరుచుకుంటాయి, ఇన్సులిన్ అంతగా లేకపోయినా గ్లూకోజు లోపలికి పోతుంది. హార్మోన్ ఇంజెక్షన్ వల్ల ఇన్సులిన్ పట్టు సడలిన మనిషికి ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

కండ ఏ ఇంధనంతో కదులుతుందో ప్రపంచానికి తెలియజెప్పినవాళ్ళలో మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వెల్లడించాడు. కుర్చీలోంచి లేచిన ఆ మొదటి కొన్ని క్షణాలకి శక్తినిచ్చేవి ఇవే. తర్వాతి రోజుల్లో ఆయన బృందం అందించిన మెథోట్రెక్సేట్‌ని క్యాన్సర్ వైద్యంలో ఇప్పటికీ వాడుతున్నారు. కండ, క్యాన్సర్ రెండింటి చరిత్రలోనూ ఒక గోదావరి జిల్లా మనిషి పేరుండడం మనకి గర్వకారణం.

టెస్టోస్టిరాన్ లేనప్పుడు బరువులెత్తితే కండ పెరుగుతుందా అన్న అనుమానం వైద్యులకీ ఉండేది. 2003లో కెనడాలోని రోఆన్ సీగల్ బృందం ఫలితాలు ఆ అనుమానాన్ని చాలావరకు తీర్చాయి. హార్మోన్ చికిత్సలో ఉన్న 155 మందిలో సగానికి పైగా మనుషులకి పన్నెండు వారాల పాటు వారానికి మూడుసార్లు బరువుల వ్యాయామం చేయించారు. వాళ్ళకి అలసట తగ్గింది, కండ పటుత్వం పెరిగింది, జీవితం మీద తృప్తి పెరిగింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో డేనియల్ గల్వావ్, రాబర్ట్ న్యూటన్ 2010లో 57 మందితో చేసిన పరీక్షలో బరువుల వ్యాయామం, నడకలాంటి వ్యాయామం కలిపి చేసినవాళ్ళకి కండ నిజంగానే పెరిగింది. హార్మోన్ ఒక్కటే కాదు, లాగుడూ బరువూ కూడా కండకి నేరుగా ఆజ్ఞ ఇస్తాయి. కణాలు ఆ ఆజ్ఞని వింటూనే ఉంటాయి, అరవై దాటినా, డెబ్బై దాటినా.

ఈ రుజువుల బలం మీదే బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు హార్మోన్ చికిత్స మొదలుపెట్టేవాళ్ళకి వారానికి కనీసం రెండుసార్లు, పన్నెండు వారాల పాటు, శిక్షకుల పర్యవేక్షణలో వ్యాయామం చేయించమని చెబుతున్నాయి. అక్కడ అది సలహా కాదు, చికిత్సలో ఒక భాగం.

సన్నగా ఉన్నా పొట్ట ఉన్న మనుషులు

తెల్లదేశాల కొలతలు మనకి నేరుగా సరిపోవు. పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ 2004లో ఒక ఫొటో ప్రచురించారు. అందులో ఇద్దరికీ బాడీ మాస్ ఇండెక్స్ ఒక్కటే. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కి రెండింతలకి పైగా ఉంది, ఆయన కండ తక్కువ. మన ఒంటి తీరే అది. అందుకే భారతీయులకి 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే ఊబకాయమనీ వైద్యులు లెక్కిస్తారు. మగవాళ్ళకి నడుం కొలత 90 సెంటీమీటర్లు దాటకూడదు. దర్జీ టేపుని కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మొదట్నించీ కండ తక్కువగా ఉన్న మన ఒంట్లోంచి ఇంజెక్షన్ ఇంకాస్త తీసేస్తే మిగిలేది ఎంతో ఆలోచించండి.

పొట్ట ఉన్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ మొండిగా ఉండే అవకాశం, దానివల్ల చనిపోయే అవకాశం ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒళ్ళు పెద్దదైతే రక్తం పరిమాణం పెరిగి పీఎస్ఏ అందులో పలచబడుతుంది. పరీక్షలో అంకె ఉన్నదానికన్నా తక్కువ కనిపించి, జబ్బు ఆలస్యంగా బయటపడవచ్చు.

ఏది తేలింది, ఏది తేలలేదు

ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన 2,705 మందిని ఏళ్ళ తరబడి గమనించిన అమెరికా అధ్యయనం 2011లో వెలువడింది. వారానికి మూడు గంటలు, అంతకన్నా ఎక్కువ సేపు గట్టిగా శ్రమించినవాళ్ళలో ఈ క్యాన్సర్‌తో చావు 61 శాతం తక్కువ. అదే ఏడాది మరో అధ్యయనంలో వారానికి మూడు గంటలు వేగంగా నడిచినవాళ్ళలో వ్యాధి ముదరడం 57 శాతం తక్కువగా కనిపించింది. వినడానికి ఎంతో బాగుంది. కానీ ఇవి గమనించి రాసుకున్న లెక్కలు. జబ్బు తక్కువగా ఉన్నవాళ్ళే ఎక్కువ నడవగలిగి ఉండొచ్చు. నడక వల్లే ఆ తేడా అంతా వచ్చిందనలేం.

చీట్లు వేసి రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్షలు మరింత నికార్సైన సాక్ష్యం. 2020లో వచ్చిన ఒక పరీక్షలో, చికిత్స లేకుండా పర్యవేక్షణలో ఉన్న 478 మందిలో సగంమందికి ఫోనులో సలహాలిచ్చి కూరగాయలు బాగా తినిపించారు. వాళ్ళు నిజంగానే తిన్నారు. రెండేళ్ళ తర్వాత చూస్తే క్యాన్సర్ ముదరడంలో రెండు గుంపులకీ తేడా లేదు. 2017లో వెలువడిన అలబామా పరీక్షలో 40 మందిలో సగంమంది ఆపరేషన్‌కి ముందు బరువు తగ్గే కార్యక్రమంలో చేరారు. బరువు తగ్గినవాళ్ళ కణితిలో కణాలు విభజన చెందే వేగం తగ్గకపోగా ఎక్కువగా కనిపించింది. ఒక్క చిన్న పరీక్షతో ఏదీ తేల్చలేం. అయినా ఆత్రంగా పస్తులుండి బరువు దించుకోవడం క్యాన్సర్‌కి మందు అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరోవైపు 2021లో కెనడాలోని ఎడ్మంటన్‌లో, పర్యవేక్షణలో ఉన్న 52 మందిలో సగంమందికి పన్నెండు వారాలు తీవ్రమైన వ్యాయామం చేయిస్తే గుండె, ఊపిరితిత్తుల సత్తా పెరిగింది, పీఎస్ఏ తగ్గింది. పెద్దపేగు క్యాన్సర్ విషయంలో 2025లో ఇంకా బలమైన ఫలితం వచ్చింది. చికిత్స ముగించుకున్న 889 మందితో జరిగిన ఆ పరీక్షలో మూడేళ్ళు క్రమంగా వ్యాయామం చేయించిన గుంపులో ఎనిమిదేళ్ళకి 90.3 శాతం మంది బతికున్నారు, రెండో గుంపులో 83.2 శాతం. అది ప్రోస్టేట్ క్యాన్సర్ కాదు కాబట్టి ఆ అంకెలని ఇక్కడికి తెచ్చిపెట్టుకోకూడదు. కానీ వ్యాయామం క్యాన్సర్ రోగి ఆయువుని పొడిగించగలదని పెద్ద పరీక్షలోనే తేలింది.

మొత్తమ్మీద ప్రోస్టేట్ క్యాన్సర్‌లో గట్టిగా రుజువైనవి ఇవి: వ్యాయామంతో అలసట తగ్గుతుంది, కండ నిలుస్తుంది, సొంత పనులు సొంతంగా చేసుకునే శక్తి ఉంటుంది. క్యాన్సర్ని ఆపుతుందా అన్నది ఇంకా పరిశోధనలో ఉంది. నా మటుకు మొదటి మూడే చాలు, ప్రతి రోగికీ ఈ వైద్యం అందాలని అడగడానికి.

ఫోను ఏం చేయగలదు

పెర్త్‌లోనూ బ్రిటన్‌లోనూ చేసినట్టు వారానికి రెండు మూడుసార్లు శిక్షకుడి ముందు వ్యాయామం చేయించడం ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కనున్న మనిషికి కుదిరే పని కాదు. నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇంకా కావాలంటే తిరుపతి, వేలూరు, లేకపోతే రైలెక్కి మద్రాసు. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి స్థాపించిన అడయార్ క్యాన్సర్ సంస్థకి మన జిల్లా వాళ్ళు తరతరాలుగా వెళ్తున్నారు. మూడు నెలలకోసారి ఇంజెక్షన్ కోసం వెళ్ళి రావచ్చు. బస్కీలు తీయడం కోసం వారానికి మూడుసార్లు ఎవరు వెళ్తారు?

దూరం నుంచి చేయించినా ఫలితం ఉంటుందని నిరూపించిన పరీక్షలో స్మార్ట్ ఫోనే లేదు. అమెరికాకి చెందిన వెండీ డెమార్క్-వానెఫ్రీడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో అరవై అయిదు దాటిన, బరువు ఎక్కువున్న 641 మంది పాల్గొన్నారు. రొమ్ము, ప్రోస్టేట్, పెద్దపేగు క్యాన్సర్ల నుంచి బయటపడి అయిదేళ్ళు దాటినవాళ్ళు. మామూలు ఫోనులో మాట్లాడుతూ, పోస్టులో పుస్తకాలు పంపుతూ ఏడాది పాటు వ్యాయామం, తిండి నేర్పారు. వాళ్ళు సగటున 2.06 కిలోలు తగ్గారు, మిగతావాళ్ళు 0.92 కిలోలు. వయసుతో పాటు తగ్గే ఒంటి సత్తువ వాళ్ళలో సగం కన్నా తక్కువ వేగంతో తగ్గింది. రెండు కిలోలు చిన్న అంకెలా ఉంటుంది. మంచంలోంచి తనంతట తాను లేచి బయటికి రాగలగడం చిన్నది కాదు.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2019లో ప్రచురించిన ‘ప్రోస్టేట్ 8’ పరీక్షలో 76 మంది ఉన్నారు. వెబ్‌సైటు, చేతికి అడుగులు లెక్కపెట్టే పరికరం, ఫోనుకి సందేశాలు, ఇంతే సరంజామా. శ్రమ, చేపలు, పొగ మానడం వంటి ఎనిమిది అలవాట్లలో మొదట మూడే పాటిస్తున్నవాళ్ళు పన్నెండు వారాల్లో అయిదుకి చేరారు. పోలిక కోసం ఉంచిన గుంపు మూడు దగ్గరే ఆగింది.

ఇలాంటి కార్యక్రమాలని నిలబెట్టే సూత్రం ఒకటే. చేసింది రాసుకోవడం, దాన్ని ఇంకొకరు చూడడం, చిన్న లక్ష్యం పెట్టుకుని తిరిగి మాట్లాడడం. వీడియో పంపి వదిలేసే కార్యక్రమం చాలామందికి రెండు వారాల ముచ్చటే అవుతుంది. అవతల పేరు పెట్టి పిలిచి అడిగే మనిషి ఉండాలి.

దూరవైద్యం మనకి కొత్త కాదు. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండని ఉపగ్రహం ద్వారా మద్రాసు వైద్యులతో కలిపారు. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల నుంచి ఈ-సంజీవని సేవ మొదలుపెట్టిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2020 మార్చిలో దేశం మొత్తానికి టెలిమెడిసిన్ నియమాలు వచ్చాయి. వ్యాయామ వైద్యానికి కావలసిన దారి వేసే ఉంది. పల్లె ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు, పట్నంలో ఫిజియోథెరపిస్టు ఉన్నాడు. వీళ్ళని రోగితో కలిపే పన్నెండు వారాల తెలుగు పాఠం కావాలి.

తీరంలో పన్నెండు వారాలు

మొదట డాక్టరు అనుమతి. ఎముకలకి వ్యాధి పాకిందా, పాకితే ఎక్కడికి అన్నది స్కాను చూసి తెలుసుకోవాలి. వెన్నులోనో తుంటిలోనో మచ్చలుంటే ముందుకి వంగడం, నడుం తిప్పడం, ఆ ఎముక మీద బరువు మోపడం మానాలి. అలాంటివాళ్ళకీ వ్యాయామం ఉంది, అది వేరే తీరుగా ఉంటుంది. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవాళ్ళు చక్కెర పడిపోకుండా చూసుకోవాలి. కొత్తగా వెన్నునొప్పి వచ్చి కాళ్ళు సత్తువ తప్పినా, మూత్రం బిగిసినా అది వ్యాయామం నొప్పి కాదు, వెన్నుపాము నొక్కుకుపోతోందన్న హెచ్చరిక కావచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి, కండ పనులు. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి లేచి కూచోవడం. గోడకి రెండు చేతులూ ఆనించి దండాలు. లీటరు నీళ్ళ సీసా కిలో బరువు, దాన్ని భుజం దాకా ఎత్తడం. కిటికీ ఊచకి రబ్బరు పట్టీ కట్టి వెనక్కి లాగడం. మునివేళ్ళ మీద లేవడం. గోడ దగ్గర నిలబడి ఒంటికాలి మీద నిలకడ. ఒక్కోటి ఎనిమిది నుంచి పదిహేను సార్లు, రెండు విడతలు. పదిహేనుసార్లు తేలిగ్గా అయిపోతుంటే బరువు పెంచాలి. పెంచకపోతే కండ పెరగదు. వల లాగిన చేతులకీ నారు నాటిన నడుముకీ ఈ పనులు కొత్తగా నేర్పక్కర్లేదు, మళ్ళీ గుర్తుచేస్తే చాలు.

మిగతా రోజుల్లో నడక, అరగంట. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదీ వేగం. మైపాడు ఒడ్డున ఉండేలాంటి పొడి ఇసకలో నడిస్తే గట్టి నేల మీద కన్నా రెట్టింపుకి పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం శాస్త్రవేత్తలు కొలిచారు. గట్టి ఒంటికి అది మంచిదే. ఎముక పలచబడిన మనిషికి మాత్రం కాలు మడతపడి పడే ప్రమాదం. అల తడిపి వదిలిన గట్టి ఇసక మీదో, ఊరి సిమెంటు రోడ్డు మీదో నడవడం మేలు. రోహిణి ఎండల్లో తెల్లవారకముందే ముగించాలి. ఈశాన్య రుతుపవనం తుఫానులు మోసుకొచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయటి నడక ఆగిపోతుంది. వరండాలో నిలబడి చేసే ఫోను పాఠం అసలు పనికొచ్చేది అప్పుడే.

ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామంది నడకకి రాకపోవడానికి కారణం నడక కాదు. దగ్గితే, వంగితే మూత్రం కారుతుందన్న సిగ్గు. మూత్రం మధ్యలో ఆపుకునే కండరాలని బిగించి కొన్ని క్షణాలు ఉంచి వదలడం రోజుకి మూడు నాలుగు విడతలు చేస్తే ఆ కండరాలు పటుత్వం తెచ్చుకుంటాయి. నిజంగా మూత్రం పోసేటప్పుడు మాత్రం ఈ సాధన చేయకూడదు. మగతనం తగ్గిందన్న బాధ కూడా బయటికి రాదు. పదిమందిలో చెప్పలేనిది ఇంట్లో తలుపు వేసుకుని ఫోనులో అడగడం సులువు. యోగా చేసేవాళ్ళకి ఇంకో మంచి కబురు. రేడియేషన్ తీసుకుంటున్న ప్రోస్టేట్ రోగులకి వారానికి రెండుసార్లు యోగా చేయిస్తే అలసట తక్కువగా ఉందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2017లో చూపింది.

కంచంలో మార్పు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటుంది. మన కంచంలో సగానికి మించి తెల్లన్నమే. 2025లో వెలువడిన దేశవ్యాప్త సర్వేలో మనం తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. పొట్ట తగ్గాలంటే తగ్గించాల్సింది ఆ అన్నం, టిఫిన్ల నూనె, మలై కాజా. తగ్గించకూడనిది చేప ముక్క. క్యాన్సర్ రోగులకి కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ కావాలని యూరప్ పోషకాహార నిపుణులు చెబుతున్నారు. అరవై కిలోల మనిషికి కనీసం అరవై గ్రాములు. వంద గ్రాముల చేపలో ఇంచుమించు ఇరవై గ్రాములుంటుంది, గుడ్డులో ఆరు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన మేరకే తినాలి.

ఈ విషయంలో నెల్లూరు తీరం అదృష్టవంతురాలు. మామిడికాయ వేసిన చేపల పులుసులో పైన తేలే నూనె సగం తగ్గిస్తే రోగికి అంతకన్నా మంచి కూర దొరకదు. వేపుడు కన్నా పులుసు మేలు. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. ఎముకకి రాగి సంగటి, పాలు, పొద్దుటి ఎండ. పొట్ట ఉన్నవాళ్ళు ఆరు నెలల్లో ఉన్న బరువులో అయిదు శాతం తగ్గితే చాలు. చిక్కిపోయినవాళ్ళు, తెలియకుండా బరువు తగ్గిపోతున్నవాళ్ళు అసలు తగ్గించే ప్రయత్నమే చేయకూడదు.

ఫోనులోనే మోసం కూడా వస్తుంది. వారంలో అయిదు కిలోలు తగ్గిస్తామనే పొడులు, మగతనం పెంచుతామనే మాత్రలు ప్రోస్టేట్ రోగికి ఒట్టి డబ్బు దండగ కాదు. కొన్నింటిలో టెస్టోస్టిరాన్‌ని పెంచే పదార్థాలు కలుపుతారు, ఇంజెక్షన్ అణచిపెట్టిన క్యాన్సర్‌కి అది మేత వేయడమే. విటమిన్ మాత్రలు మంచివే కదా అనుకోవడమూ పొరపాటు. 35,533 మంది మగవాళ్ళతో చేసిన పరీక్షలో విటమిన్ ఇ మాత్రలు వేసుకున్నవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. డాక్టరుకి చూపకుండా ఏ డబ్బా మూత తీయొద్దు.

ఇంట్లోవాళ్ళకి, ఆస్పత్రులకి

మన ఇళ్ళలో రోగి మీద ప్రేమంటే అతన్ని కదలనివ్వకపోవడం. “నువ్వు కూచో నాయనా, నే తెస్తా గదా” అని మంచినీళ్ళ చెంబు కూడా చేతికందిస్తారు. ఆ ప్రేమకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ హార్మోన్ ఇంజెక్షన్ మీద ఉన్న మనిషికి కూచోబెట్టడం బలం కాదు. ఆ చెంబు ఆయన్నే లేచి తెచ్చుకోనివ్వాలి. కొడుకు హైదరాబాదులో ఉన్నా, కూతురు డాలస్‌లో ఉన్నా సాయంత్రం వీడియో కాల్‌లో “మందులు వేసుకున్నావా నాయనా” అని అడిగాక “ఇవాళ కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచావు” అని కూడా అడగాలి. కాటా అంకెకి బదులు నెలకోసారి నడుం చుట్టుకొలత, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడో ఆ లెక్క నోటుబుక్కులో రాయాలి. మొదటిది తగ్గుతూ రెండోది పెరుగుతుంటే వైద్యం సరైన దారిలో ఉన్నట్టు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 38 వేల మందికి ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడుతోంది. ప్రపంచంలో ఏడాదికి వచ్చే కేసులు 2020లో 14 లక్షలు, 2040 నాటికి 29 లక్షలవుతాయని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కగట్టింది. మనుషులు ఎక్కువ కాలం బతకడమే దీనికి ముఖ్య కారణం, అందువల్ల ఆ పెరుగుదలలో ఎక్కువ వాటా మనలాంటి దేశాలదే. మందులు మెరుగవుతున్నాయి కాబట్టి వీళ్ళలో చాలామంది పదేళ్ళు, పదిహేనేళ్ళు బతుకుతారు. ఆ ఏళ్ళని మంచం మీద గడుపుతారా, తమ కాళ్ళ మీద గడుపుతారా అన్నది ఇంజెక్షన్ మొదలైనప్పటి నుంచి చేసే పని మీద కూడా ఆధారపడుతుంది. పోయిన కండని తిరిగి తెచ్చుకోవడం కన్నా ఉన్నదాన్ని నిలుపుకోవడం సులువు.

కాబట్టి నెల్లూరులోనైనా తిరుపతిలోనైనా మద్రాసులోనైనా క్యాన్సర్ వైద్యులకి ఒక్క మనవి. మొదటి ఇంజెక్షన్ రాసే చీటీలోనే పన్నెండు వారాల వ్యాయామం కూడా రాయండి. ఏ పని, ఎన్నిసార్లు, ఏది చేయకూడదు అన్నది తెలుగులో రాయండి. దాని కింద వారానికోసారి ఫోను చేసి అడిగే ఫిజియోథెరపిస్టు పేరు ఉండాలి. ఆరోగ్య బీమా పథకాలు ఇంజెక్షన్‌కి డబ్బు కట్టినట్టే ఆ ఫోను కాల్‌కీ కట్టాలి. ఇంజెక్షన్ ఖరీదుతో పోలిస్తే ఆ కాల్ ఖర్చు లెక్కలోకి రాదు. విరిగిన తుంటి ఎముకకి చేసే ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే అసలే రాదు.